పదకొండో రోజు దగ్గర ఆపేశాను

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక మధ్యాహ్నాన్ని. అంతా కలిపి గంటన్నర కూడా ఉండదు. ఒక మనిషి మా ఇంటికి వచ్చి ఒక ప్రశ్న అడిగాడు. నేను జవాబు చెప్పాను. ఆయన లేచి వెళ్లిపోయాడు. ఏడాది తిరగకుండానే చనిపోయాడు.

చంపానని అనను. చంపలేదని కూడా అనలేను. ఈ రెండు మాటల మధ్యే నా ముసలితనమంతా గడుస్తోంది.

ఇరవై రెండో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. ఒక్క రోజు తప్పలేదు. జ్వరం వచ్చిన రోజున కూడా "జ్వరం" అని రాసి పడుకున్నాను. కానీ ఆ మధ్యాహ్నం గురించి నా డైరీలో ఉన్నది ఇంతే: "వీర్రాజు బావ వచ్చాడు. అరటి గెల తెచ్చాడు. నాలుగింటి బస్సుకి వెళ్లాడు." అన్నీ నిజాలే. అసలు జరిగింది మాత్రం వాటిలో లేదు. జీవితమంతా చూసింది చూసినట్టు రాసినవాణ్ణి, ఆ ఒక్కరోజు చేసింది రాయలేకపోయాను. అది ఇప్పుడు రాస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే ఓదారుస్తారు, లేకపోతే తిడతారు. నాకు రెండూ వద్దు. పేర్లు మార్చాను. నా భార్య పేరు మాత్రం మార్చబుద్ధి కాలేదు. ఆమె మాణిక్యం. వీర్రాజు బావ ఆమెకి సొంత అన్నయ్య.

నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసిన పనిలో తప్పెంతో మీకు అర్థం కాదు. కాలువల శాఖలో గేజి రీడరుగా చేరాను. రాజమండ్రి దగ్గర గోదావరి ఒడ్డున రాతి స్తంభం మీద అడుగులూ అంగుళాలూ గీసి ఉండేవి. పొద్దునా సాయంత్రం నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసి పుస్తకంలో ఎక్కించడం నా పని. వరద రోజుల్లో అయితే గంట గంటకీ. అంకె రాసి ఊరుకుంటే కుదరదు. పక్కన మూడు మాటల్లో ఒకటి రాయాలి. పెరుగుదల, తగ్గుదల, నిలకడ. మట్టం ఎంతున్నా, లంక ఊళ్లవాళ్లకి కావలసింది ఆ మాటే. దాన్నిబట్టే గొడ్లని గట్టెక్కించాలా, ఇంకో పూట ఆగాలా అని తేల్చుకుంటారు.

మా మొదటి ఓవర్సీరు గారు నేను చేరిన రోజునే ఒకటి చెప్పారు. "అడిగినవాడికి ఆఖరి రీడింగే చెప్పు. పొద్దున తగ్గుదల ఉందని మధ్యాహ్నం చెప్పావంటే, నువ్వు అబద్ధం చెప్పలేదు, కానీ వాడు మునిగిపోతాడు." ముప్పై నాలుగేళ్లు ఆ మాట తప్పలేదు. వర్క్ ఇన్‌స్పెక్టరునయ్యాక కూడా, నా కింద పనిచేసిన ప్రతి గేజి రీడరుకీ ఇదే చెప్పాను.

ఆ అలవాటే ఇంటి డైరీలోకీ వచ్చింది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఆ రోజు రాసినదాని చివర ఆ మూడింట్లో ఒక మాట పెట్టేవాణ్ణి. చుట్టాలు నవ్వేవారు. నవ్వినవాళ్లే అవసరం పడితే వచ్చేవారు. ఆవు ఎప్పుడు ఈనింది, హద్దు రాయి ఎవరి ఎదుట పాతారు, ఫలానావాడు చనిపోయిన తిథి ఏంటి? నా డైరీ తీస్తే తగువు అక్కడితో ఆగిపోయేది. "బావగారి డైరీలో ఉందా? అయితే సరే" అనేవాడు వీర్రాజు బావ. ఆ మాట అందరికన్నా ఎక్కువసార్లు అన్నది ఆయనే.

తొంభైల చివర్లో మాణిక్యానికి రొమ్ములో గడ్డ కనపడింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. తర్వాత మూడు వారాలకొకసారి సెలైన్‌లో మందు ఎక్కించాలి, మొత్తం ఆరుసార్లు అన్నారు. మొదటిదానికే జుట్టు ఊడింది. రెండోదానికి నోరంతా పూసింది. మూడోది ఎక్కించుకుని రైల్లో తిరిగొస్తుంటే, అన్నవరం స్టేషన్లో విస్తరాకు పొట్లాలు పట్టుకుని ప్రసాదం అంటూ కేకేశారు. పెళ్లయినప్పటి నుంచి ఆ ప్రసాదం కళ్లకద్దుకోకుండా ఆ స్టేషన్ దాటి ఎరగదు మాణిక్యం. ఆ రోజు వాసన తగలగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కిటికీవైపు తిరిగిపోయింది. "ఇంక నావల్ల కాదండీ" అంది.

వీర్రాజు బావది కోనసీమ. కొబ్బరి తోటా అరటి తోటా ఉన్న రైతు. వాళ్ల ఊరికి దగ్గర్లో, గోదావరి పాయ గట్టు మీద అప్పట్లో ఒక ప్రకృతి వైద్య ఆశ్రమం ఉండేది. ఇప్పుడు లేదు. ఆయనకి పదేళ్లనాటి కడుపునొప్పి అక్కడ పోయింది. నిజంగానే పోయింది. నేనే సాక్షిని. అప్పట్నుంచి జలుబు చేసినవాణ్ణీ, కాలు విరిగినవాణ్ణీ, ఎవరు దొరికితే వాళ్లని అక్కడికి లాక్కెళ్లేవాడు. మాణిక్యాన్ని కూడా తీసుకొస్తానన్నాడు.

విశాఖ డాక్టరమ్మ గారిని నేను అడిగాను. ఆవిడ కాదనలేదు. "వెళ్లండి. మట్టిపట్టీలూ స్నానాలూ చేయించుకుంటే నిద్ర పడుతుంది, కడుపులో వికారం తగ్గుతుంది, మనసు కుదుటపడుతుంది. నాకూ అదే కావాలి. ఉపవాసాలు మాత్రం వద్దు. నాలుగో మందు రోజుకి ఆవిడ ఇక్కడ ఉండాలి" అన్నారు. ఆ మాటలు ఆవిడ అన్నవి అన్నట్టు డైరీలో ఉన్నాయి.

సెలవు పెట్టి నేనూ ఆశ్రమంలోనే ఉన్నాను. పొద్దున పొట్ట మీద చల్లటి మట్టిపట్టీ. తర్వాత తొట్టిస్నానం. బూడిదగుమ్మడికాయ రసం. ఎండ కాస్తే ఒంటికి అరటి ఆకులు చుట్టి చాప మీద పడుకోబెట్టేవారు. ఆ ఆకులు వీర్రాజు బావ తన తోటలో తనే కోసి, చిరగకుండా సైకిల్ మీద కట్టుకుని రోజూ తెచ్చేవాడు. అంత రైతు, పాలేరుని పంపొచ్చు. పంపలేదు. ఇది ఆయన పక్షాన చెప్పవలసిన మాట. చెప్పాను.

పదకొండు రోజులు మాణిక్యం బాగుంది. వాంతులు ఆగాయి. మధ్యాహ్నం పూట నిద్ర పట్టింది. ఒకరోజు పాయ గట్టు మీద నాతో అరమైలు నడిచింది. డైరీలో పదకొండు రోజుల చివరా "తగ్గుదల" అనే ఉంది. మూడో మందు ఎక్కించుకున్న నాలుగు రోజులకి వచ్చాం కాబట్టి ఆ వికారం ఎలాగూ తగ్గేదే. మొదటి రెండుసార్లూ అంతే జరిగింది. అయినా, తడిగుడ్డ చుట్టినప్పుడు ఆమె మొహంలో కనపడిన హాయి అబద్ధం కాదు. అది ఆ ఆశ్రమం ఇచ్చిందే.

నాలుగో మందుకి ముందు రక్తపరీక్షలున్నాయి, పన్నెండో రోజున విశాఖ బండెక్కాలి. వీర్రాజు బావ వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఆయన పద్యం పాడితే పక్క ఊరికి వినపడుతుందనేవారు. దసరాకి స్టేజీ మీద వేషం కట్టేవాడు. మామూలు మాట కూడా పాటలా ఉండేది. ఆ గొంతుతో చెల్లెలికి చెప్పాడు. "మళ్లీ ఆ విషం ఎక్కించుకుంటావా అమ్మడూ? నీ మొహం అద్దంలో చూసుకో. పెళ్లినాటి కళ వచ్చింది. ఇంకో నెల ఉండు. రోగమే సిగ్గుపడి పోతుంది."

మాణిక్యం నావైపు చూసింది. నేను "నీ ఇష్టం" అన్నాను.

ఎందుకన్నాను? మళ్లీ ఆ రైలు ప్రయాణం చూడలేకనా? ఆయన గొంతు నామీద కూడా పనిచేసిందా? డాక్టరమ్మ గారి మాట నా డైరీలోనే ఉంది కదా, తీసి చదివితే ఏం పోయేది? పగ గురించి చెప్పబోతున్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఆ రెండు మాటలు నావి. ఎవరూ అనిపించలేదు.

ఇరవై మూడో రోజున ఆమె చంకలో గడ్డ తగిలింది. నాకూ ఆమెకీ తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు. నలభై రోజులు పూర్తిచేసి ఇంటికొచ్చి, తర్వాత విశాఖ వెళ్లేసరికి రోగం ముదిరిపోయిందన్నారు డాక్టరమ్మ గారు. ఆశ్రమంలో ఉన్నన్నాళ్లూ చెల్లెలికి నయంగా ఉందనీ, ఇల్లు చేరాకే తిరగబెట్టిందనీ వీర్రాజు బావ నమ్మాడు. నేను దిద్దలేదు. అప్పటికి దానికి వేరే కారణం ఉంది. అది చివర చెబుతాను.

ఇంట్లో కూడా ఆమె ఆశ్రమం పథ్యమే చేసింది. ఉప్పు లేదు, పులుపు లేదు, కాఫీ లేదు. చివరి వారంలో ఒక ఉదయం "రెండు గుక్కలు కాఫీ ఇస్తారా" అని అడిగింది. ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకోలేకపోతే నేనే పట్టుకున్నాను. కళ్లు మూసుకుని తాగింది. ఆ వారంలో ఆమె నవ్వింది అప్పుడొక్కసారే. నాలుగో రోజున పోయింది.

పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర, డెబ్బై ఎనభై మంది చుట్టాలు విస్తళ్ల ముందు కూర్చుని ఉండగా, వీర్రాజు బావ ఆ స్టేజీ గొంతుతో అన్నాడు. "బతకాల్సిన మనిషండీ. పథ్యం చెడింది. ఇంట్లో కాఫీలు పోశారు. ఏం చేస్తాం?"

పోసింది నేను. ఆ సంగతి ఆయనకి చెప్పింది కూడా నేనే, రెండు రోజుల ముందు, ఏడుస్తూ.

విస్తళ్ల మీంచి తలలు ఎత్తి నన్ను చూశారు. సాంబారు బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాను. వడ్డించాను. ఇంటికెళ్లి ఆ మాట డైరీలో రాసి కింద గీత గీశాను. నా డైరీలన్నిట్లో కింద గీత ఉన్న వాక్యం అదొక్కటే.

తర్వాతి ఐదేళ్లూ ఆయనతో మామూలుగానే ఉన్నాను. పెళ్లిళ్లలో పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన జోకులకి నవ్వాను. కానీ ఏటా మాణిక్యం తద్దినం రోజున ఆ పేజీ తీసి, గీత గీసిన మాట చదువుకునేవాణ్ణి. పగ కూడా రోజూ నీళ్లు పోస్తేనే బతుకుతుంది. నేను క్రమం తప్పని మనిషిని.

అప్పటికి నేను రిటైరయ్యాను. ఒక శుక్రవారం, భోజనం చేసి పేపరు చూస్తుంటే గేటు చప్పుడైంది. వీర్రాజు బావ. భుజం మీద చక్రకేళీ గెల. చేతిలో ప్లాస్టిక్ కవరు. మనిషి తగ్గాడు. మీసం మాత్రం అలాగే ఉంది.

"ఏంటి బావగారూ, చెప్పకుండా వచ్చారు. కాఫీ కలుపుతాను, కూర్చోండి" అన్నాను.

"కాఫీ వద్దు బావగారూ. ఇవాళ్టి నుంచీ పథ్యం అనుకుంటున్నాను" అన్నాడు. గెల గోడకి ఆనించి, కవరు ఒళ్లో పెట్టుకుని, మాటలు వెతుక్కుంటూ మొదలుపెట్టాడు. ఆయనకి అది అలవాటు లేని పని.

నాలుక పక్కన పుండు. మూడు నెలలుగా మానలేదు. చుట్ట వేడి తగిలిందనుకున్నాడు. రాజమండ్రి డాక్టరు గారు ముక్క తీసి పరీక్షకి పంపారు, ఆ కాగితాలే కవర్లో ఉన్నాయి. క్యాన్సరే. మొదట్లోనే పట్టుకున్నాం, అదృష్టవంతులు, నాలుక పక్కన కొంచెం తీసేస్తే చాలు అన్నారట. వచ్చే గురువారం ఆపరేషన్‌కి రమ్మన్నారు.

"మాట కాస్త నత్తి వస్తుందట. పద్యం సంగతి చెప్పలేనన్నాడు" అని నవ్వబోయాడు. "నా నోట్లోంచి మాట తీసేస్తే ఇంక నా దగ్గర ఏం మిగుల్తుంది బావగారూ? మీసమా?"

నవ్వాను. నవ్వు వచ్చింది. అదే నాలుక. మంచం పక్కన కూర్చుని "ఆ విషం" అన్న నాలుక. విస్తళ్ల ముందు "కాఫీలు పోశారు" అన్న నాలుక. దానికే వచ్చింది. ఆ క్షణంలో నాకు కలిగింది జాలి కాదు. దాన్ని ఏమనాలో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు తెలుసు. సంతోషం.

"మరి ఆశ్రమం ఉంది కదా" అన్నాను. పొడుద్దామనే అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. "నలుగురికీ చెప్పాను బావగారూ. ఎదుటివాడికి చెప్పడం వేరు. ఇప్పుడు నాకొచ్చింది. నాకు నేను చెప్పుకుంటుంటే నమ్మకం కుదరట్లేదు. సుభద్రేమో ఆపరేషన్ చేయించుకోమని కాళ్లు పట్టుకుంటోంది. ఆశ్రమంలో వాళ్లనడిగితే వాళ్ల మాటే చెబుతారు. డాక్టరునడిగితే వాడి మాటే చెబుతాడు. మీరైతే చూసిందే రాస్తారు. మాణిక్యానికి అక్కడ అసలు గుణం కనపడిందా లేదా? ఆ డైరీ తీయండి. మీ డైరీ ఏం చెబితే అదే చేస్తాను."

సుభద్రమ్మ ఆయన భార్య.

లేచి బీరువా తీశాను. ఆ డైరీ కోసం వెతకక్కర్లేదు. దాని అట్ట నా చేతికి తెలుసు. కళ్లజోడు తుడుచుకుని మొదటి రోజు నుంచి చదివాను.

"మట్టిపట్టీ వేశారు. వాంతి ఒకసారే అయింది. తగ్గుదల." "మధ్యాహ్నం రెండు గంటలు నిద్ర. తగ్గుదల." "గుమ్మడికాయ రసం నిలిచింది. వికారం లేదు. తగ్గుదల." "గట్టు మీద అరమైలు నడిచింది. పాట కూనిరాగం తీసింది. తగ్గుదల."

ఒక్క అక్షరం కలపలేదు. ఒక్క అక్షరం తీయలేదు. నిదానంగా, రేడియోలో వార్తలు చదివినట్టు చదివాను. ప్రతి "తగ్గుదల" దగ్గరా ఆయన భుజాలు కొంచెం కిందికి దిగేవి. ఊపిరి కుదురుకునేది. అరటి ఆకుల సంగతి వచ్చినప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఆ ఆకులు నేనే తెచ్చాను" అన్నాడు.

పదకొండో రోజు చదివి ఆపాను. పేజీ మధ్య వేలు పెట్టి డైరీ మూశాను.

"ఆ తర్వాత?" అన్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. ఇరవై మూడో రోజు పేజీ నా వేలికి పన్నెండు పేజీల దూరంలో ఉంది. నా ఉద్యోగమంతా ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడమే. ఆ తర్వాత ఏమైంది? ఇప్పుడెంత ఉంది? పెరుగుతోందా, తగ్గుతోందా?

"ఆ తర్వాతది మీకు తెలిసిందే కదా బావగారూ" అన్నాను. "పథ్యం చెడింది. ఇంట్లో కాఫీలు పోశాం. మీరు ఆ రోజే చెప్పారు."

ఆయన మాటే ఆయనకి తిరిగిచ్చాను. వెటకారం ఉందేమోనని ఒక్క క్షణం నా మొహం చూశాడు. నా మొహంలో ఏమీ లేదు. గేజి స్తంభం దగ్గర నిలబడినప్పుడు ఉండే మొహమే పెట్టాను.

"అదేనండీ! నేనూ అదే అనుకున్నాను" అని లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "గుండెల మీంచి బరువు దించారు బావగారూ. నేనైతే పథ్యం తప్పను. ఉప్పు వాసన కూడా చూడను. చూస్తుండండి, వచ్చే దసరాకి పద్యం పాడకపోతే నా పేరు వీర్రాజు కాదు." గేటు దాకా సాగనంపాను. నాలుగింటి బస్సుకి వెళ్లాడు.

గురువారం ఆపరేషన్‌కి మధ్యలో ఐదు రోజులున్నాయి. ఒక్క క్షణం కోపంలో చేసిన పని అని మీరు నన్ను దాటేయకుండా ఈ ఐదు రోజుల గురించి చెబుతున్నాను. మా ఇంట్లో ఫోనుంది. వాళ్ల ఊళ్లోనూ ఉంది. రోజూ పొద్దున లేవగానే అనుకునేవాణ్ణి, ఇవాళ చెబుతాను అని. స్నానం చేసి, టిఫిన్ తిని, పేపరు చదివేవాణ్ణి. బుధవారం సాయంత్రం నంబరు తిప్పాను. అటువైపు గంట రెండుసార్లు మోగింది. పెట్టేశాను. ఎందుకు పెట్టేశావని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఒక్కటే. విస్తళ్ల ముందు ఆ చూపులు. ఇంకొన్నాళ్లు ఆగితే ఆయనకే తెలుస్తుంది అనుకున్నాను. చెప్పి తెలియడం కాదు. ఒంటికి తెలియాలి. మాణిక్యానికి తెలిసినట్టు.

గురువారం వచ్చింది. ఆయన ఆపరేషన్‌కి వెళ్లలేదు. నేను కడుపునిండా భోజనం చేశాను.

ఆశ్రమంలో కొన్ని నెలలు ఉన్నాడు. పుండు నాలుక దాటి దవడకి ఎక్కింది. మెడలో బిళ్లలు కట్టాయి. ఆఖరికి సుభద్రమ్మ ఏడ్చి బతిమాలి ఆసుపత్రికి తీసుకెళితే, ఇప్పుడు కోయడానికి కుదరదన్నారు. ఇంటికి తెచ్చేశారు. ఆ కబురు తెలిశాక కోనసీమ బయల్దేరాను. చేతిసంచిలో డైరీ పెట్టుకున్నాను.

చూడ్డానికి కాదు నేను వెళ్లింది. ఆయన మంచం పక్కన కూర్చుని ఇరవై మూడో రోజు పేజీ చదవాలని వెళ్లాను. మీ చెల్లెల్ని చంపింది కాఫీ కాదు, మీరు. అది మీకు తెలిసిపోవాలి. ఆ ఒక్క వాక్యం బస్సులో ఎన్నిసార్లు అనుకున్నానో. ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో, అన్నీ సరిచూసుకున్నాను.

కొబ్బరిచెట్ల నీడలో మంచం వేశారు. దవడకి గుడ్డ కట్టి ఉంది. మాట లేదు. పక్కన పలక, బలపం. నన్ను చూడగానే కళ్లు వెలిగాయి. సుభద్రమ్మ "రండి అన్నయ్యగారూ" అని కుర్చీ వేసి లోపలికి వెళ్లింది. నేను సంచిలో చెయ్యి పెట్టాను. ఆయన పలక అందుకున్నాడు. చాలాసేపు రాశాడు. నావైపు తిప్పాడు.

"నేనూ కాఫీ తాగాను. రెండుసార్లు. దొంగతనంగా. మాణిక్యంలాగే. నా తప్పే."

చదివాను. మళ్లీ చదివాను. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. అదేనా కారణం, మీరు చెప్పండి అన్నట్టు. చూసిందే రాసే మనిషిని కదా. నా మాట కోసం ఆగాడు.

నేను తల ఊపాను.

ఆయన కళ్లు మూసుకున్నాడు. తర్వాత తడిగుడ్డతో పలక తుడిచేశాడు.

మొదటిసారి చేసింది పగ. దానికి పేరుంది. ఈ తల ఊపడానికి పేరేంటి? అంత బాధలో ఉన్నవాడికి ఇంకా చెప్పడం ఎందుకనే జాలి అని కొన్నాళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. జాలైతే, "కాదు బావా, కాఫీ వల్ల ఎవరూ చావరు" అనొచ్చు కదా. ఆ పాటి మాటకి పేజీ చదవక్కర్లేదు. ఆయన తేలిగ్గా పోయేవాడు. అది కూడా ఇవ్వలేదు. పైగా నేను తల ఊపింది ఆయన మీదే కాదు. మాణిక్యం మీద కూడా. ఆ రెండు గుక్కల కాఫీని ఒక నేరంగా నేనే ఖాయం చేశాను. మొదట ఆయన అన్నప్పుడు అది నింద. రెండుసార్లు నేను ఒప్పుకున్నాక అది మా చుట్టాలందరికీ నిజమైపోయింది. ఆమె తరఫున పగ తీర్చుకుంటున్నానని ఇన్నాళ్లూ అనుకున్నవాణ్ణి, ఆమెనే దోషిని చేశాను.

డైరీ సంచిలోంచి తీయలేదు. పదిహేను రోజుల్లో ఆయన పోయాడు.

పగ తీరిందా అని మీరు అడగొచ్చు. తీరలేదు. నేను కోరుకున్నది ఆయన చావు కాదు. ఆయన తెలుసుకోవడం. అది జరగలేదు. తనదే తప్పనుకుని పోయాడు, కానీ వేరే తప్పు. నన్ను మాత్రం మంచివాణ్ణనుకుని పోయాడు. ఇప్పటికీ ఆయన్ని క్షమించలేదు. ఇది రాస్తున్నాను కాబట్టి కరిగిపోయాననుకోకండి. ఆ పెద్దకర్మ నాటి మాట తలచుకుంటే ఈ వయసులో కూడా దవడలు బిగుసుకుంటాయి. ఆయన మీద కోపం ఉంది, నేను చేసింది నీచం. రెండూ ఒకే మనిషిలో ఉంటాయా? ఉంటున్నాయి.

ఆయన ఎలాగూ ఆశ్రమానికే వెళ్లేవాడేమో. ఆపరేషన్ చేసినా తిరగబెట్టేదేమో. ఈ రెండు "ఏమో"లూ నేను చాలాసార్లు వాడుకున్నాను. కానీ డాక్టరు గారు మొదట్లోనే పట్టుకున్నామన్నారు. ఆయన నా డైరీ ఏం చెబితే అదే చేస్తానన్నాడు. ఈ రెండూ నా చెవులతో విన్నవి. "ఏమో" అన్నవి నేను అనుకున్నవి. అనుకున్నది నేను రాయను.

సుభద్రమ్మ ఇప్పటికీ ఏటా కొత్త కొబ్బరినూనె ఒక సీసా పంపుతుంది. కిందటి నెల ఫోన్లో మాట్లాడుతూ, "మీ మాట మీద ఆయన చివరిదాకా ధైర్యంగా ఉన్నారు అన్నయ్యగారూ. అన్నాచెల్లెళ్లిద్దరూ ఆ కాఫీ ఒక్కటి మానలేకపోయారు" అంది. నేను "అవునమ్మా" అన్నాను. మూడోసారి. ఫోను పెట్టేశాక కాగితాలు ముందేసుకుని ఇది మొదలుపెట్టాను. ఇది ఆమెకి ఇచ్చే ధైర్యం నాకు ఇంకా లేదు. మీకు ఇస్తున్నాను.

నన్నేమీ అనకండి. మంచనీ చెడనీ వద్దు. ఆయనకి చదవని పేజీ మీకు చదువుతాను, అంతే. అడిగినవాడికి ఆఖరి రీడింగు చెప్పాలి. నేను చెప్పకుండా దాచినది ఇదొక్కటే.

"ఇరవై మూడో రోజు. శనివారం. మబ్బు. తొట్టిస్నానం అయ్యాక మాణిక్యం నా చెయ్యి తీసుకుని ఎడమ చంకలో పెట్టింది. ఉసిరికాయంత గడ్డ. గట్టిగా ఉంది. నాలుగు రోజులుగా ఉందట, చెప్పలేదు. డాక్టరమ్మ దగ్గరికి వెళదామన్నాను. నలభై రోజులూ అయ్యాక వెళదామంది. అన్నయ్యకి మాత్రం చెప్పకండి, పొద్దున్నే లేచి నాకోసం ఆకులు కోసుకొస్తున్నాడు, కుంగిపోతాడు అంది. సరేనన్నాను. పెరుగుదల."